కాలితే వచ్చే రంగు

రావులపాలెంలో కట్టే ప్రతి కొత్త ఇల్లూ కొన్నాళ్ళపాటు ఒకే రంగులో ఉంటుంది. యజమాని ఎంత స్థితిపరుడైనా సరే. పల్లం పూడ్చడానికి మెట్ట నుంచి లారీల్లో తెచ్చి పోసిన గ్రావెల్ ఎరుపు. దాని మీద లేచిన ఇటుక గోడలు ఎరుపు. వెల్డింగు షాపులో తయారై వచ్చి గోడకి చేరేసి ఉన్న గేటూ, కిటికీల గ్రిల్సూ రెడాక్సైడ్ పూసుకుని అవీ ఎరుపే. వెనక అరటితోట, ఆపైన కొబ్బరి తలలు. ఆ రెండు మూడు నెలల్లో ఉన్నంత అందంగా ఆ ఇల్లు మళ్ళీ ఎప్పుడూ ఉండదని నాకు గట్టి నమ్మకం.

తర్వాత ప్లాస్టరింగ్ వస్తుంది. దాని మీద పుట్టీ, ప్రైమరు, రెండు కోట్ల రంగు. గ్రావెల్ మీద మెరిసే టైల్స్. గేటుకి నలుపు, దాని కొసలకి బంగారు పూత. ఎరుపంతా లోపలికి వెళ్ళిపోతుంది. అంతా అయ్యాక హాల్లో టీవీ వెనక గోడ బోసిగా ఉందని పెయింట్ల షాపుకి వెళ్ళి, షేడ్ కార్డు తిరగేసి 'టెర్రకోటా' డబ్బా ఒకటి తెచ్చుకుంటాం. ఇటుక మీద సిమెంటు, సిమెంటు మీద ఇటుక రంగు. మా ఇంట్లోనూ ఇదే చేశాం. ఆ గోడకి ఎదురుగా కూర్చున్నప్పుడల్లా, దాని వెనకే ఉన్న అసలు రంగు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. ఆ దిగులే ఈ కథనం రాయించింది.

పేరు వస్తువుదే

తెలుగువాళ్ళం రంగుకి విడిగా పేరు పెట్టడం తక్కువ. వస్తువునే చూపిస్తాం. చీరల కొట్లో వినండి: వంకాయ రంగు, నెమలికంఠం, మిరపపండు, చిలకాకుపచ్చ, ఇటుకరాయి రంగు. ఇటుకరాయి రంగు చీరకి చిలకాకుపచ్చ అంచు వేసి నేసిన జత మా అమ్మ తరం ఆడవాళ్ళకి ప్రాణం. ఎందుకంత ఇష్టమో వాళ్ళు చెప్పలేదుగానీ, చుట్టూ చూస్తే సంగతి తెలిసిపోతుంది. పెంకుటింటి పక్కన అరటాకు ఆ చీరే.

ఇటుకరాయికి ముందు ఇంకో పాత మాట ఉంది, జేగురు. జేవురు అనీ అంటారు. ఎర్ర ఖనిజపు మట్టి అది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్ళని, కోపంతో కందిన ముఖాన్ని 'జేవురించింది' అంటాం. మట్టి పేరు మనిషి ముఖానికి ఎక్కిందంటే ఆ మట్టితో ఎంత చనువు ఉండి ఉండాలి! రాజమండ్రి నుంచి కడియం మీదుగా ఇటు వచ్చే దారిలో జేగురుపాడు ఉంది. పేరులోనే ఆ మాటను మోస్తున్న ఊరు. ఇప్పుడు చాలామందికి అది గ్యాస్‌తో నడిచే విద్యుత్కేంద్రం ఉన్న ఊరుగానే తెలుసు. తెలంగాణలో ఈ మట్టినే జాజు అంటారు. గోడ కింది భాగానికి జాజు పూసి, పైన సున్నం వేసిన ఇళ్ళు అక్కడి పల్లెల్లో ఇంకా కనిపిస్తాయి. గుడి ప్రహరీల మీద సున్నంతోపాటు నిలువుగా దిగే పట్టీలు కావి. సన్యాసి కట్టేదీ కావే. ఇంటి గోడకీ, గుడి గోడకీ, ఇల్లు వదిలినవాడి ఒంటికీ ఒకే మట్టి పనికొచ్చింది.

ఈ మట్టితో మనిషి స్నేహం మన పల్లెలకన్నా చాలా పాతది. దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో సుమారు లక్ష ఏళ్ళ కిందట ఎర్రమట్టిని నూరి, గుల్లల్లో కలిపి ఉంచిన ఆనవాళ్ళు దొరికాయి. మన కడప జిల్లా చింతకుంట రాళ్ళ మీద బొమ్మలు గీసినవాళ్ళు వాడిందీ ఎక్కువగా ఎర్ర రంగే. ఎండకీ వానకీ ఓర్చి నిలిచేది అదేనని వాళ్ళకి ఎలాగో తెలిసింది. కారణం ఇనుము. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పు పట్టిన ఇనుము ఇంక మారడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే ఆ రంగు వెలవదు. గేటుకి ముందుగా రెడాక్సైడ్ పూస్తారని అన్నాను కదా, ఆ పొడి ఐరన్ ఆక్సైడే. తుప్పు జాతి పదార్థాన్నే తుప్పుకి కాపలా పెడుతున్నామన్నమాట.

నది ఎర్రబడే నెల

ఒక సంగతి ఇక్కడ ఆగి చెప్పాలి. కోనసీమ నేల ఎర్రది కాదు.

రాజమండ్రి దాటి మెట్టకి వెళితే ఎర్రటి గట్లు, ఎర్రటి గ్రావెల్ గోతులు. ఇంకా పైకి భీమిలి వెళితే ఎర్రమట్టి దిబ్బలే ఉన్నాయి. రావులపాలెం అలా కాదు. గౌతమి ఒడ్డున జొన్నాడకి ఎదురుగా, కోనసీమ ముఖద్వారంలా ఉన్న ఈ ఊళ్ళో కాళ్ళకి అంటుకునేది బూడిద రంగు కలిసిన గోధుమ ఒండ్రు. వరిచేలో దిగితే ఇంకా ముదురు బూడిద. ఇక్కడి నేల, చెట్లు, కాలవలు వేటిలోనూ ఎరుపు లేదు. మరి ఇన్ని ఎర్రటి ఇళ్ళు, కుండలు, పెంకులు ఎక్కడినుంచి వచ్చాయి?

సమాధానం చూడాలంటే ఆషాఢంలో జొన్నాడ వంతెన మీద నిలబడాలి. వేసవిలో ఇసుకతిన్నెల మధ్య పాయలుగా, నీలంగా ఉన్న గౌతమి ఒక్క వారంలో నిండిపోయి ఇటుక అరగదీసి కలిపినట్టు వస్తుంది. ఎర్రనీరు వచ్చిందంటారు. సముద్రం వదిలి పులస ఎదురీదేది ఈ నీటికే. కోరాపుట్, బస్తర్ కొండల ఎర్ర నేలలు కడుక్కుని శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, ఇంద్రావతి అంతకన్నా పైనే కలుస్తుంది. ఆ మట్టి ధవళేశ్వరం దాటి మన లంకల మీద పరుచుకుంటుంది. ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75 అయితే మూడోది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళకి ఈ ఎర్రదనం అందంగా తోచదు. ఇళ్ళలోకి వచ్చి, గోడల మీద గీత గీసి వెళ్ళిన రంగు అది. ఆ మాట మరచిపోయి ఈ రంగు గురించి రాయకూడదు.

సరిగ్గా అదే నెలలో ఇళ్ళలో గోరింటాకు రుబ్బుతారు. రాత్రి పెట్టుకుని పొద్దున్నే కడిగితే అరచేయి నారింజ రంగులో ఉంటుంది. 'పండలేదే' అని మొహం మాడ్చుకుంటే, 'ఓపిక పట్టవే పిల్లా, రేపటికి పండుతుంది' అనేది మా అమ్మమ్మ. ఆవిడ మాట నిజం. గోరింటాకులోని రంగు చర్మంలోని కెరటిన్‌ని పట్టుకుని, గాలి తగిలేకొద్దీ ఒకటి రెండు రోజుల్లో ముదిరి ఇటుక రంగుకి వస్తుంది. నది, అరచేయి ఒకే నెలలో ఎర్రబడే ఊళ్ళో పెరిగాను. పెద్దయ్యాక ఇంకెక్కడా ఆషాఢం నాకు ఆ రంగులో కనిపించలేదు.

నది తెచ్చిన ఎర్రమట్టి లంకలో దిగాక బూడిద రంగుకి ఎందుకు తిరుగుతుంది? నీళ్ళు నిలిచిన నేలలో గాలి ఆడదు. ఆక్సిజన్ లేక ఇనుము తన ఎరుపు పోగొట్టుకుంటుంది. వరిచేలో అడుగున బురద నీలం కలిసిన బూడిదగా ఉండేది అందుకే. రంగు ఎక్కడికీ పోలేదు, అణిగి ఉంది. దాన్ని మళ్ళీ పైకి తెచ్చేది నిప్పు.

నీళ్ళు తీసుకున్నది నిప్పు ఇస్తుంది

సంక్రాంతి ముందునుంచే గోదావరి గట్ల వెంబడి ఇటుక బట్టీలు మొదలవుతాయి. తొలకరి పడేదాకా పని. మట్టి తవ్వి, నీళ్ళు పోసి నానబెట్టి, కాళ్ళతో తొక్కి, అచ్చులో కొట్టి, బోర్లించి, ఎండబెడతారు. అప్పటికి అది పచ్చి ఇటుక. రంగు చూస్తే ఎండిన పిడక. గాలి పోవడానికి సందులు వదిలి పేర్చి, మధ్యలో ఊక నింపి, బయట మట్టి మెత్తి అంటిస్తారు. వరి పండే సీమ కాబట్టి బియ్యం మిల్లుల ఊకే ఇక్కడ వంటచెరకు. లోపల వేడి 900 డిగ్రీల పైకి ఎక్కుతుంది. మట్టిలో ఇంకిన నీరు మొదట పోతుంది, మట్టి కణంలోనే బంధించి ఉన్న నీరు తర్వాత పోతుంది. ఆపైన గాలి ఆడిన చోటల్లా ఇనుము ఎర్రబడుతుంది. బట్టీ విప్పిన రోజు చూడాలి. బూడిద తుడిస్తే లోపల ఎరుపు. కొండ మీద ఉన్నప్పటి రంగు అది, నీళ్ళలో పోయి, నిప్పులోంచి తిరిగి వచ్చింది.

ఒక్క బట్టీలోనే మూడు రంగులు ఉంటాయి. అంచున ఉన్నవి సరిగా కాలక పాలిపోతాయి. మధ్యలోవి నిండు ఎరుపు. నిప్పుకి మరీ దగ్గరవి మాడి ఊదా నలుపుకి తిరిగి వంకర పోతాయి. సున్నం పాలు ఎక్కువున్న మట్టి అయితే ఎంత కాల్చినా పసుపు వైపే మొగ్గుతుంది. రావులపాలెంలో పని చేస్తున్న ఒక తాపీ మేస్త్రిని, మంచి ఇటుక ఎలా తెలుస్తుందండీ అని అడిగాను. రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి కొట్టాడు. కంచు మోగినట్టు మోగింది. "రంగు చూసి సగం చెప్పొచ్చమ్మా, మిగతా సగం చెవికి తెలియాలండి. గోటితో గీస్తే గీత పడకూడదు. మన నడుమెత్తు నుంచి వదిలితే విరక్కూడదు. ఆయ్, అంతేనండి" అన్నాడు. ప్రమాణాల పుస్తకం సాధారణ ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదంటుంది. పుస్తకం తూకంతో తేల్చేదాన్ని ఆయన చెవితో తేలుస్తాడు.

బట్టీల్లో మట్టి తొక్కే కుటుంబాల్లో చాలామంది ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్ళు. పిల్లలూ వాళ్ళతోనే ఉంటారు. ఆరు నెలల బడి పోతుంది. గోడలో ఎర్రటి ఇటుకని చూసి మురిసేవాళ్ళం ఆ పిల్లల సంగతీ తెలుసుకుని మురవాలి.

ఇటుక మాట సంస్కృతంలోని 'ఇష్టక' నుంచి వచ్చింది. యజ్ఞవేదికి ఇటుకలు పేర్చడమే చయనం. డేగ ఆకారంలో పేర్చే శ్యేనచితికి వరసకి 200 చొప్పున ఐదు వరసల్లో 1000 ఇటుకలు. వాటి కొలతలు శుల్బసూత్రాల్లో ఉన్నాయి. మన రేఖాగణితం మొదటి పాఠాలు ఇటుక పేర్చడంలో పుట్టాయనుకుంటే గర్వంగా ఉంటుంది. అగ్నిహోత్రాన్ని నిలుపుకున్న కోనసీమ అగ్రహార కుటుంబాల గురించి అమెరికన్ పండితుడు డేవిడ్ నైప్ 2015లో ఒక పుస్తకమే రాశారు. అదే కోనసీమలో, మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ ఒడ్డున బౌద్ధులు కట్టిన స్తూపం పునాదులు కూడా ఇటుకవే. వేదికీ స్తూపానికీ మతం వేరు, ఇటుక మాత్రం ఒకటే. ఇటుకతో మనవాళ్ళు సాధించిన వింత ఇంకొకటి 1213 నాటి రామప్ప గుడి. దాని విమానానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక.

అరుగు, గచ్చు, పెంకు

మా అమ్మమ్మగారిది రావులపాలెం దగ్గర పల్లెలో మండువా లోగిలి. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం. పెంకు వాలులన్నీ లోపలికే. వాన వస్తే నాలుగు వైపులనుంచీ నీటి తెర. పెంకులు రెండు రకాలు ఉండేవి. వెనక వంటింటి మీద కుమ్మరి సారె మీద చేసిన పాత గూనపెంకు, ముందు భాగాన బంగాళా పెంకు. మంగళూరులో బాసెల్ మిషన్ జర్మన్లు 1860ల్లో యంత్రాల మీద మొదలుపెట్టిన పెంకు అది. ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చుంటుంది. మలబారు తీరపు రంగు అలా మన తీరానికీ వచ్చింది. కొత్త పెంకు మండే నారింజ ఎరుపు. నాలుగు వానలు పడ్డాక నాచు పట్టి, ఎండకి నాచు మాడి, నలుపు ఆకుపచ్చ ఎరుపు కలిసిన ఒక రంగు వస్తుంది. ఏ షేడ్ కార్డులోనూ నాకు అది దొరకలేదు.

ఇక గచ్చు. ఆ ఇంట్లో నేను అన్నిటికన్నా ప్రేమించింది ఎర్ర గచ్చుని. సిమెంటులో రెడాక్సైడ్ పొడి కలిపి, పచ్చిగా ఉన్న నేల మీద పలచగా పరిచి, తాపీతో రుద్ది రుద్ది నునుపు తేల్చేవారు. ఒక గది ఒకే రోజులో అయిపోవాలి. మర్నాటికి ఆగితే అతుకు కనిపిస్తుంది. ఆపైన వారం పది రోజులు నీళ్ళు నిలగట్టాలి. తర్వాత మైనమో కొబ్బరినూనో పట్టించి రుద్దాలి. కానీ అసలు మెరుగు మేస్త్రి ఇచ్చేది కాదు. పాదాలు ఇచ్చేది. ముప్పై ఏళ్ళు మనుషులు నడిచిన చోట అద్దం, మంచం కింద మసక. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చునేవారో గచ్చు చూసి చెప్పొచ్చు. తాతయ్య పడక్కుర్చీ కాళ్ళ దగ్గర రెండు నునుపు మచ్చలు ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నం ఒట్టి గచ్చు మీద చెంప ఆనించి పడుకున్న చల్లదనం ఏ టైల్స్ మీదా మళ్ళీ తగల్లేదు.

పెళ్ళిళ్ళలో ఆ గచ్చు మీదే పీట వేసి కాళ్ళకి పారాణి పెట్టేవారు. పసుపులో సున్నం కలిపితే క్షారానికి తిరిగి ఎర్రబడే రంగు పారాణి. కింద ఇటుక రంగు, పాదం అంచున ఇటుక రంగు, మధ్యలో ముగ్గు తెలుపు. ఆ ఇంట్లో ఎవరూ డిజైన్ చదువుకోలేదు.

ఎక్కడ వాడాలి

ఇటుక ఎరుపుకి ఆకుపచ్చే జోడీ అని చదువుకున్నవాళ్ళు కూడా చెప్పారు. పారిస్‌లో గొబెలాఁ అద్దకశాలకి అధికారిగా ఉన్న షెవ్రోల్ 1839లో రంగుల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మారుస్తాయని, ఎరుపు ఆకుపచ్చ పక్కన చేరితే రెండూ మరింత నిండుగా కనిపిస్తాయని ఆయన చూపించాడు. ఆకుపచ్చని చాలాసేపు చూసిన కన్ను ఎరుపు కోసం సిద్ధమై ఉంటుంది. అందుకే కొబ్బరితోట మధ్య చిన్న పెంకుటిల్లు కూడా దూరం నుంచే కన్నుని పిలుస్తుంది. స్వీడన్ పల్లెల్లో ఫాలున్ రాగిగని మట్టితో చేసిన ఎరుపుని చెక్క ఇళ్ళకి పూస్తారు. అక్కడ అది మంచు తెలుపుకి జోడీ, ఇక్కడ అరటాకుకి. మిరపపండు ఎరుపు ఆ ఆకుపచ్చ మధ్య అరుస్తుంది. ఇటుక ఎరుపులో కాస్త నలుపు, కాస్త పసుపు ఉన్నాయి కాబట్టి మాట్లాడుతుంది.

ఈ రంగు ఫ్యాషన్‌గానూ వచ్చి పోతుంటుంది. ప్యాంటోన్ సంస్థ 2015 సంవత్సరపు రంగుగా 'మార్సలా' అనే మట్టి ఎరుపుని ప్రకటించింది. ఒక సిసిలీ పట్టణపు ద్రాక్షసారా పేరు అది. ఆ ఏడు కుర్తీల నుంచి కర్టెన్ల దాకా అదే కనిపించింది. మన రావులపాలెం అరటి మార్కెట్‌కి పొద్దున్నే వెళితే ఎర్ర చక్కెరకేళి గెలలు ఏటా ఆ రంగులో వచ్చి వాలుతూనే ఉంటాయి.

ఇల్లు కట్టుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. పడమటి గోడకి బయటివైపు ముదురు ఇటుక రంగు పూయకండి. సాయంత్రం ఎండనంతా పీల్చి రాత్రి గదిలోకి వదులుతుంది. వసారా లోపలి గోడ, తూర్పు గోడ, మెట్ల పక్క గోడ దీనికి మంచివి. నీలం కలిసిన తెల్లటి ట్యూబులైటు కింద ఈ రంగు చచ్చిపోతుంది. పసుపు వెలుగు ఇవ్వండి. జోడీగా సున్నపు తెలుపు, టేకు చెక్క, ఇత్తడి చాలు. గది నాలుగు గోడలకీ వేస్తే గది బట్టీ అవుతుంది, ఒక గోడకి వేస్తే గుండె అవుతుంది.

అంతకన్నా మంచిది, పూయకుండా వదిలేయడం. గట్టిగా కాలిన ఇటుక ఎంచి, వరస తప్పకుండా కట్టి, సందులు శుభ్రంగా పూడ్చి గోడని అలాగే ఉంచేయొచ్చు. కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ ఏళ్ళ తరబడి చేసింది అదే. ఇటుకని పడుకోబెట్టకుండా పక్కమీద నిలబెట్టి, మధ్యలో బోలు వదిలే కట్టుబడితో నాలుగో వంతు ఇటుక మిగిల్చాడు. బోలులో గాలి ఉంటుంది కాబట్టి వేడి తగ్గుతుంది. మన కోనసీమలో దానికి రెండు జాగ్రత్తలు కావాలి. చూరు బాగా ముందుకి రావాలి. ఇటుకలోనూ నీళ్ళలోనూ ఉప్పు ఉండకూడదు. అమలాపురం, రాజోలు దాటి సముద్రం వైపు పోయేకొద్దీ గోడ మీద తెల్లగా ఉప్పు తేలుతుంది. దాన్ని దాచడానికి మెరిసే వార్నిష్ కొడితే లోపలి తడి బయటికి పోలేక ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది.

చెప్పక తప్పని మాట ఇంకొకటి. ఒక ఇటుక బరువు సుమారు మూడు కిలోలు. వెయ్యి ఇటుకలంటే మూడు టన్నుల మట్టి. నది ఎన్నో ఏళ్ళుగా వరద వరదకీ పేర్చిన ఒండ్రు అది. లంకల్లో అరటి, కూరగాయలు పండేది దాని మీదే. హద్దు లేకుండా తవ్వితే గట్లూ మిగలవు. ఇటుకల తయారీలో థర్మల్ కేంద్రాల బూడిద వాడాలని కేంద్రం 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ బూడిద ఇటుకలు ఇప్పుడు మన ఊళ్ళలోనూ నిండుగా ఉన్నాయి. కొలత తప్పవు, మట్టి తినవు. రంగు మాత్రం బూడిదే. మట్టి ఇటుకని ప్రేమించే నేను కూడా, ప్లాస్టరింగ్ కింద కప్పేసే గోడకి బూడిద ఇటుకే వాడమంటాను. ఎవరికీ కనిపించని ఎరుపు కోసం లంకని తవ్వొద్దు. పది మందీ చూసే ఒక్క గోడకి, కూర్చునే అరుగుకి, నడిచే గచ్చుకి ఈ రంగుని దాచుకుందాం.

అమ్మమ్మ ఇల్లు విప్పేశారు. అన్నదమ్ముల వాటాలు తేలాక ఎవరూ ఆపలేకపోయారు. పెంకులు ఒక ట్రాక్టరు ఎక్కాయి, దూలాలు ఇంకొకటి. గచ్చు మాత్రం ముక్కలుగానే లేచింది. గోడలు సున్నంతో కట్టినవి కావడంతో ఇటుకకి ఇటుక విడిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు నీడలో కూర్చుని చిన్న గొడ్డళ్ళతో పాత సున్నం చెక్కి, ఇటుకలు పక్కన పేరుస్తున్నారు. సిమెంటు గోడ అయితే ఇలా వచ్చేవి కావని, ముక్కలయ్యేవని చెప్పారు. ఐదు వందలు నేను అడిగి తెచ్చుకున్నాను. మా పెరట్లో బావి పక్కన అరుగు కట్టించాను. ఎండలో పేర్చి ఉన్నప్పుడు అవి వెలిసినట్టుగా, దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. మేస్త్రి ఒక్కొక్కటీ నీళ్ళ తొట్టిలో వేశాడు. కాసేపు బుడగలు బుసబుసా వచ్చాయి. బయటికి తీసినప్పుడు మా అమ్మమ్మ ఇంటి వసారా రంగులో ఉన్నాయి.